లియోంతీన్ గోడమీది గులాబీ

మా ఊళ్లో నలభై రాతి ఇళ్లున్నా, వచ్చినవాళ్లంతా ఫొటో తీసుకునేది పొరుగింటి లియోంతీన్ గోడనే. దానిమీద పాకిన గులాబీ అలాంటిది. ఫొటో కోసం నిలబడ్డవాళ్ల వరస పక్క ఊరిదాకా ఉంటుంది. నా గోడకు నాచు తప్ప ఏముంది? చూసి చూసి కడుపు మండిపోయింది.

పూల పోటీ పెద్దలు తెల్లారితే వస్తారు. ఈసారి ఆవిడకు బహుమతి దక్కనివ్వకూడదు. మేం పిచ్చిమొక్కల్ని చంపేది బంగాళాదుంపలు ఉడికించిన ఉప్పునీళ్లతోనే. చీకటి పడ్డాక అవి మసులుతుండగానే తీసుకెళ్లి గులాబీ వేళ్లమీద పోశాను.

వేళ్ల దగ్గర గుటక వేసిన చప్పుడైంది.

"ఇంకా పోయవయ్యా, గాస్పార్," అంది లియోంతీన్ గొంతు.

దొరికిపోయాననుకుని తలెత్తాను. కిటికీలన్నీ మూసే ఉన్నాయి. అంతలో వీధి మలుపులోంచి టార్చిలైటుతో లియోంతీన్ వచ్చింది.

"ఏమయ్యోయ్, నా గోడతో సరసాలా? డెబ్బై ఏళ్లొచ్చినా నాతో మాట్లాడే ధైర్యం రాలేదా?"

నేను నోరు తెరిచేలోపు చెవి పక్కన గులాబీ ఆకులు ఇందాకటి గొంతుతోనే గుసగుసలాడాయి.

"ఆవిడకు చెప్పకు. ఇక నీ గోడే ఎక్కుతాను."

ఇప్పుడు నా పడకగది కిటికీని ముళ్లు గీరుతున్నాయి. ఇన్నేళ్లుగా నేను కోరుకున్నది ఇదే. లేచి చూసుకునే బదులు దుప్పటి తలమీదికి లాక్కుంటున్నాను.