బీపీ లేని ఊరు

"బీపీ మాత్రలు లేవంటే లేవు. గిద్దలూరు తీసకపో. పక్కకు జరుగమ్మా," అన్నాడు ఫార్మసిస్టు హరిబాబు, కిటికీలోంచి చీటీ వెనక్కి తోసేస్తూ.

స్టెల్లా జరగలేదు. ఫోన్ తీసి వీడియో ఆన్ చేసింది. వెనక బెంచీ మీద వాళ్ళమ్మ సౌభాగ్యమ్మ తల గోడకు ఆనించి కళ్ళు మూసుకుంది. మాత్రలు అయిపోయి పది రోజులు. పొద్దున ఆస్పత్రి నర్సు బీపీ చూస్తే పైన రెండొందల పది. ఆస్పత్రి నిండా ఫినాయిలు వాసన, దానికి లొంగని వాంతి వాసన. డాక్టరు కుర్చీలో తువ్వాలు ఒక్కటే డ్యూటీ చేస్తోంది.

"రెండొందల పదికి మాత్ర లేదంటావేందన్నా? ఆ డబ్బాల్లో ఉండేటివి ఏంది, పిప్పరమెంట్లా?"

"అవి పక్కూరోళ్ళయి. రికార్డులో ఎంతమందికి బీపీ ఉంటే అంతమందికే పంపిస్తారు. మీ ఊర్లో ఒక్కరికీ లేదు."

వరసలో ఉన్న ఓబులేసు తాత పగలబడి నవ్వాడు. "మా ఊర్లోనా? నా కోడలు నోరు తెరిస్తే బర్రెగొడ్లకు కూడా బీపీ లేస్తాది గదయ్యా!"

"నవ్వుతావేంది తాతా? నీకూ లేదు. ఇంటింటికీ తిరిగి చూసినట్టు రాసుంది."

"మా గడప ఎవరూ తొక్కలేదు నాయనా," అంది సౌభాగ్యమ్మ నీరసంగా.

స్టెల్లా ఫోన్ కిటికీకి ఇంకా దగ్గరగా పెట్టింది. "ఛీ! కూర్చున్న చోట్నే రాసేసి జీతం తింటారు. ఇట్లాంటోళ్ళు మనుషులేనా? ఎవరో చూపించన్నా. ఈ పొద్దే నెట్‌లో పెడతా. జిల్లా అంతా చూడాల."

"చూపించాల్సిందే!" అని వరసంతా అరిచింది.

హరిబాబు విసుగ్గా మానిటర్ ఇటు తిప్పాడు. నాలుగొందల పన్నెండు పేర్లు. అందరికీ నూట ఇరవై, ఎనభై. అన్నీ ఒకే నిమిషంలో ఎక్కాయి.

"మీ ఊరి నర్సమ్మ సుధారాణి పేరు మీద ఉండాయి. ఆమెకు ట్యాబ్ తెరవడమే రాదు. ఎవరో బాగా చదువుకున్నోళ్ళే చేసిపెట్టినారు."

"వాళ్ళెవరో కనుక్కో పాపా," అన్నాడు ఓబులేసు తాత. "అందరం పోయి మొకాన ఉమ్మేసి వద్దాం."

స్టెల్లా వీడియో ఆపి, డిలీట్ నొక్కింది.

"ఏందే, ఆపినావు?" అంది సౌభాగ్యమ్మ.

ఎండాకాలంలో సుధారాణి ట్యాబ్ చేతికిచ్చి సాయం అడిగితే, అందులోని ఖాళీ గడులన్నీ ఒకేసారి నింపిపెట్టింది స్టెల్లానే.