మూడో పిలుపు

ఆదివారం స్నేహితుల చేత ఆడించబోయే, పాచికలేసి ఆడే దెయ్యాల కథ ఆట కోసం సుమంత్ ల్యాప్‌టాప్‌లో ఒక దెయ్యానికి కోడ్ రాస్తున్నాడు. నియమం నాయనమ్మ చెప్పిందే: రాత్రిపూట ఎవరు పిలిచినా మూడో పిలుపు దాకా పలకకూడదు. దెయ్యం రెండుసార్లే పిలుస్తుంది. ఆలోపు ఆటగాడు బదులిస్తే ‘పలికాడు, తలుపు తెరుచుకుంది’ అని స్క్రీన్ మీద పడాలి. గంట నుంచీ ఆ ముక్క పడి చావడం లేదు.

అర్ధరాత్రి కావస్తుండగా కరెంటు పోయింది. మాచర్ల రోడ్డు మీద నాపరాళ్ల లారీల మోత కూడా లేదు.

“ఒరేయ్ సుమంతూ!” కింద వీధి తలుపు దగ్గర అమ్మ గొంతు.

అతను కోడ్‌లోంచి తలెత్తలేదు.

“ఏందిరా, వినపడలా? గొళ్లెం తియ్యి!”

“ఆఁ, వస్తన్నానమ్మా!” విసుగ్గా లేచి నాలుగడుగులు వేశాక గుర్తొచ్చింది. కొండ మీద నిద్ర చేసి రేపొస్తానని అమ్మ పొద్దున్నే కోటప్పకొండ వెళ్లింది.

అక్కడే ఆగి మూడో పిలుపు కోసం చూశాడు. రాలేదు.

వెనక స్క్రీన్ మీద, ఎవరూ ముట్టుకోకుండానే, ఒక్కో అక్షరం పడుతోంది. ‘పలికాడు, తలుపు తెరుచుకుంది.’

కింద, తను లోపలినుంచి వేసుకున్న గొళ్లెం చప్పుడయింది.