పచ్చ జీపుకి స్ప్రింగులు

పచ్చ జీపు షెడ్డు ముందు ఆగింది. వెనక తగిలించిన స్టెపినీ చక్రానికి తెల్ల రంగు పూసి ఉంది.

బండ్లకి స్ప్రింగులు బిగించే మాస్టారి చేతిలో స్పానరు అలాగే ఉండిపోయింది.

ఈ బండి మీదే ఆయన రెండేళ్లుగా పళ్లు నూరుతున్నాడు.

కొండదారి పందెంలో తమ్ముడి జీపు బోల్తా పడిన రోజున, ఎదుటి కొండ మీద జెండా పట్టుకుని నిలబడ్డ మనిషికి కనిపించింది ఒక్కటే. తెల్ల స్టెపినీ ఉన్న పచ్చ జీపు దుమ్ము రేపుకుంటూ కిందికి దూసుకుపోయింది. గుద్దింది వాడేనని, గుద్ది పారిపోయాడని మాస్టారు ఆ రోజే తీర్మానించుకున్నాడు.

అప్పటినుంచి తమ్ముడు షెడ్డు వెనక గదిలో మంచం మీదే ఉన్నాడు. నడుము కింద ఏమీ కదలదు.

ఆ రోజు గురించి తమ్ముడికి గుర్తున్నది చాలా తక్కువ.

"కళ్లు తెరుచుకోలేదన్నా. ఎవరో నన్ను తీసుకెళ్తున్నారు. బండి ఎగిరినప్పుడల్లా ప్రాణం పోయేది. 'ఇంకొక్క గుంతే నాయనా, అయిపోయింది' అనేవాడాయన. ప్రతి గుంతకీ అదే మాట. ఆ మాట పట్టుకునే బతికాను."

ఆసుపత్రి గుమ్మంలో దించి వెళ్లిపోయిన ఆ మనిషిని, ఆ హడావిడిలో ఎవరూ సరిగ్గా చూసుకోలేదు.

"ఆయన కనిపిస్తే చేతులు పట్టుకుని ఏడవాలన్నా" అంటాడు తమ్ముడు.

"ముందు ఆ పచ్చ జీపువాడు కనిపించనీ" అంటాడు మాస్టారు.

ఇదిగో, కనిపించాడు.

బక్కపల్చటి మనిషి. అరవై దాటినట్టున్నాడు.

"మాస్టారూ, స్ప్రింగులంటే మీరేనన్నారు. రాళ్లు కింద తగలకుండా బండి కొంచెం ఎత్తు లేపాలి. కానీ మెత్తగా ఉండాలి. బాగా మెత్తగా."

"బాగా అంటే?"

"నిండు బిందె పెట్టుకుని పోయినా తొణక్కూడదు."

మాస్టారు జీపులోకి తొంగిచూశాడు. వెనక సీట్లు పీకేసి ఉన్నాయి. ఆ చోట పరుపు పరిచి ఉంది.

'కొండెక్కి తాగి పడుకోడానికి కాబోలు, దొరబాబు' అనుకున్నాడు. కడుపు మండిపోయింది.

స్ప్రింగులు ఎంచే ముందు ఎవరినైనా ఆయన అడిగే మొదటి మాట ఒకటుంది. "బండిలో రోజూ ఏం వేసుకెళ్తారు?" బరువు మోసే బండికి గట్టివి, ఖాళీగా తిరిగే బండికి మెత్తనివి. తారుమారైతే లోపల కూర్చున్నవాళ్ల ఒళ్లు హూనమే. ఇంట్లో భార్యతో పోట్లాడి వచ్చిన రోజు కూడా ఆయన ఆ మాట మరవలేదు.

ఈ పచ్చ జీపువాణ్ణి మాత్రం అడగలేదు.

సిమెంటు బస్తాలు మోసే బండ్లకి వేసే స్ప్రింగులు తీశాడు. కుదుపుల్ని మింగే షాకులు కూడా అన్నిటికంటే బిగువైనవే ఎంచాడు. చంపాలని లేదు. చస్తే ఏముంది, ఒక్క క్షణం. గుంత గుంతకీ వాడి నడుం విరగాలి, తమ్ముడు పడ్డదంతా వాడూ పడాలి. ఒక్కో బోల్టూ బిగిస్తుంటే మాస్టారికి ఈ రెండేళ్లలో ఎన్నడూ లేనంత హాయిగా ఉంది.

"కొత్తలో కొంచెం గట్టిగా ఉంటాయి. నాలుగు రోజులు తిరిగితే పూలపాన్పే" అని నవ్వు పులుముకుని సాగనంపాడు.

వెనక గదిలోకి వెళ్లి తమ్ముడికి చెప్పాడు.

"వాడు దొరికాడురా. ఇక వాడి నడుము వాడిది కాదు."

"దానివల్ల నాకేం ఒరుగుతుందన్నా?"

"నాకు ఒరుగుతుంది" అన్నాడు మాస్టారు.

వారం తిరక్కముందే పచ్చ జీపు మళ్లీ వచ్చింది.

తిడతాడనుకున్నాడు మాస్టారు. తిట్టాలనే కోరుకున్నాడు. అప్పుడు చొక్కా పట్టుకుని తమ్ముడి మంచం దగ్గరికి ఈడ్చుకెళ్లొచ్చు.

ఆ మనిషి తిట్టలేదు.

"తప్పు నాదే మాస్టారూ. బండి దేనికో మీకు చెప్పనే లేదు."

"దేనికి?"

"కొండ మీద ఎవరైనా దెబ్బ తగిలి పడిపోతే కిందికి దింపుతుంటాను. ఆ దారిలోకి అంబులెన్సు రాదు కదా. పాత స్ప్రింగులు వాళ్ల ప్రాణాలు తోడేస్తున్నాయనే మీ దగ్గరికొచ్చాను."

మాస్టారు జీపులోని పరుపు వైపు చూశాడు. అయినా పగ అంత తేలిగ్గా దిగదు. 'చేసిన పాపం కడుక్కుంటున్నాడన్నమాట' అనుకున్నాడు.

"మొన్న ఒక రాళ్లు కొట్టే అతన్ని దింపాను. ఎక్కించేటప్పుడు కాళ్లు కదులుతున్నాయి."

ఆ మనిషి తల దించుకున్నాడు.

"దించేటప్పుడు కదల్లేదు మాస్టారూ."

మాస్టారు వంగి జీపు వెనక స్ప్రింగుని చేత్తో తడిమాడు.

"ఒక్కసారి మీరు వెనక పడుకోండి. నేను నడుపుతాను. ఎక్కడ పొరపాటుందో మీకైతే తెలుస్తుంది."

మాస్టారు భుజం మీది మసిగుడ్డ తీసి పక్కన పడేశాడు. వెళ్లి పరుపు మీద వెల్లకిలా పడుకున్నాడు.

షెడ్డు దాటగానే గతుకుల దారి. మొదటి గుంతకే వెన్నులో మేకు దిగినట్టయింది. తను ఎంచిన స్ప్రింగులే, తను బిగించిన షాకులే. రెండో గుంతకి పళ్లు బిగబట్టాడు. మూడోదానికి ఆపుకోలేక "అమ్మా!" అని అరిచాడు.

ముందు సీట్లోంచి, వెనక్కి తిరక్కుండానే, ఎప్పటినుంచో అలవాటైన మాటలా ఆ మనిషి అన్నాడు:

"ఇంకొక్క గుంతే నాయనా, అయిపోయింది."