తంత్రిగారి గీతోపదేశం

"దీన్ని గిటారంటారా అమ్మా? గీతల నోటుబుక్కంటారు!"

సోఫా మీది పాత ఎలక్ట్రిక్ గిటారును బోర్లా తిప్పి, చచ్చిన ఎలకను చూసినట్టు మొహం పెట్టాడు తంత్రి. అది తోటి గిటారు పిచ్చోళ్ళు పెట్టిన పేరు. తీగలకు తంత్రులని పేరు, ఇతగాడికి తంత్రాలని పేరు. రెండూ కలిసొచ్చాయి.

"వీపంతా బెల్టు బకిల్ గీకుళ్ళు. రంగు చూడండి, ఒకప్పుడు ఎరుపట, ఇప్పుడు ఉడికిన టమాటా తొక్క! మరలు తుప్పు, గుబ్బలు పసుపు. మా పాత గిటార్ల సంఘంలోవాళ్ళు చూస్తే పగలబడి నవ్వుతారు."

ఎదురుగా కూర్చున్న రిటైరైన లెక్కల టీచరు కళ్ళద్దాలు సర్దుకుంది. "మా ఆయన ముప్పై ఏళ్ళు వాయించారు బాబూ. బాగా పలుకుతుందనేవారు."

"పలకడానికేం, పగిలిన కుండ కూడా పలుకుతుంది." మూలనున్న యాంప్లిఫయరు వైపు గడ్డం ఎగరేశాడు తంత్రి. "ఇక ఈ మహానుభావుడా! లోపలంతా గాజు వాల్వులు. వేడెక్కడానికి రెండు నిమిషాలు, మొయ్యడానికి ఇద్దరు మనుషులు. ఇప్పుడు అరచేతిలో పట్టే పెట్టెలొచ్చేశాయమ్మా. దీన్ని ఊరికే ఇస్తే తీసుకెళ్ళి పక్కన పడేస్తా, అంతే."

పైకి నోరు అలా వాయిస్తోంది గానీ, లోపల గుండె డ్రమ్సు వాయిస్తోంది. పదేళ్ళుగా వెతుకుతున్న గిటారది. ఇంట్లో గాజు బీరువాలో ఉన్న తన గిటారుకు అచ్చం కవల. ఈ జత కుదిరిందా, సంఘంలో తన ముందు శ్రుతి పెంచేవాడు ఇక పుట్టడు.

గుమ్మం దగ్గర నిలబడ్డ బావమరిది గొంతు సవరించుకున్నాడు. కార్లకు రంగులేసే షెడ్డు అతనిది. యాంప్లిఫయరు బరువు కదా అని తంత్రి అతన్ని పికప్ వ్యానుతో సహా పిలిపించుకున్నాడు.

"బావా, మీ ఇంట్లోదీ ఇలాగే ఉంటుంది కదా? ఇవే గీతలు, ఇదే తుప్పు..."

టీచరమ్మ కళ్ళద్దాల మీంచి చూస్తోంది.

"ఉంటే? అదీ చెత్తే!" అన్నాడు తడుముకోకుండా. "చూసినప్పుడల్లా తల తీసేసినట్టుంటుంది. మొత్తం గీకించి, నున్నగా రంగేయించి, కొత్త మరలు బిగించాలని ఏడాదిగా అనుకుంటున్నా. తీరికేదీ? అయినా కార్లకు సున్నం కొట్టుకునేవాడివి, గిటార్ల సంగతి నీకెందుకురా? నోర్మూసుకుని నిలబడు!"



తంత్రి ఒక ధర చెప్పాడు. ఆ ధరకు పాత సైకిలు కూడా రాదు, చక్రాలు లేకుండా అయితే రావచ్చు.

"ఆదివారం రండి బాబూ, ఆలోచించుకుని చెప్తాను," అంది టీచరమ్మ.

మర్నాడు తంత్రి ఆఫీసు క్యాంపుకు వెళ్ళాడు. ఆదివారం పొద్దున్నే రైలు దిగి, మొహం కూడా కడుక్కోకుండా, స్టేషనుకొచ్చిన బావమరిది వ్యానెక్కాడు. సీటు వెనకనుంచి పెయింటు వాసన గుప్పుమంది.

"ఏం కంపురా బాబూ! బండినీ వదలవా?"

బావమరిది ఏదో చెప్పబోయి, ముసిముసిగా నవ్వి ఊరుకున్నాడు.

టీచరమ్మ గుమ్మంలోనే ఎదురైంది. "వారమంతా లెక్కేశాను బాబూ. మీరు చెప్పినవి మొత్తం ఎనిమిది లోపాలు. ఇంత చెత్తను తెలిసి తెలిసి మీకంటగడితే నాకు నిద్ర పట్టదు. అమ్మను."

"పర్లేదమ్మా, నేనెలాగో సర్దుకుంటా!"

"అది మీ మంచితనం. నా మనస్సాక్షి ఒప్పుకోవద్దూ?"

తలుపు పడింది. లోపల గడియ కూడా పడింది, మంచి తాళంలో.

వ్యాను కదలగానే తంత్రి సంఘం కార్యదర్శికి ఫోన్ కొట్టాడు.

"చేజారిందయ్యా! రంగు, మరలు, గుబ్బలు... సమస్తం ఫ్యాక్టరీనుంచి వచ్చినవే! ఎవడూ చెయ్యి పెట్టలేదు. మనం ప్రాణాలిచ్చేది ఆ గీతలకే కదా. ముసలావిడకు చెబితే ధర పెంచేయదూ? ఆ వాల్వుల పెట్టె అయితేనా, వేడెక్కాక తేనె కారుతుంది తేనె!... పోనీలే, నాది ఉందిగా. మూడు తరాల వాద్యగాళ్ళు వాయించిన గిటారు. ఒక్కో గీతా ఎవడిదో చదివి చెప్తా... ఏంటి, రంగేయిస్తేనా? నీకేమైనా మతి పోయిందా? అలాంటిదాన్ని గీకి రంగు పూస్తే అది గిటారు కాదు, వంటచెరకు!"

వ్యాను కీచుమని ఆగింది. ఫోన్ ఎగిరి కాళ్ళ దగ్గర పడింది.

"చూసి తోలరా! కార్లకు సున్నం కొట్టే వెధవా!"

బావమరిది స్టీరింగు వదల్లేదు. ముఖంలో మాత్రం సున్నం తప్ప ఇంకేం లేదు. తంత్రి విసుగ్గా ఫోన్ కోసం వంగి, సీటు వెనక దుప్పట్లో చుట్టిన పొడవాటి మూటమీద చెయ్యి ఆనించబోయాడు.

"ముట్టుకోకండి బావా!" అన్నాడు బావమరిది. "మీకు తీరిక లేదన్నారు కదాని అక్కనడిగి తెచ్చా... మూడో కోటింగు ఇంకా ఆరలేదు."