పసుపు పట్టీ రాని ఫైలు

గోమతి తలుపు గొలుసు తీయకుండానే సందులోంచి చూసింది.

చెమటకు తడిసిన చొక్కా, చేతిలో నలిగిన నోటుబుక్కు. ఎన్నడూ చూడని మనిషి.

"దర్శిని ఇల్లు ఇదేనా అమ్మా?"

కూతురి పేరు పరాయి నోట వినగానే గోమతి తలుపు ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. దర్శిని మిద్దె మీద బట్టలు ఆరేస్తోంది. సత్రపట్టి ఊళ్ళో మగ్గాల గురించి రెండేళ్ళు తిరిగి రాసిన రిపోర్టు సోమవారం కాలేజీలో ఇవ్వాలి. అదంతా లోపలి కంప్యూటర్లోనే ఉంది.

"కామరాజ్ టైపింగ్ సెంటర్ పేరుతో ఒక వర్డ్ ఫైలు వచ్చింటుంది. తెరవొద్దని చెప్పండి. తెరిస్తే ఉండేదంతా పోతుంది."

ఫైలు పొద్దున్నే వచ్చింది. బట్టలు ఆరేసి చూస్తానంది దర్శిని. క్లాసులో సగంమందికి రిపోర్టులు సరిచేసిచ్చే సెంటర్ అది. వీడెవడో పోటీ అంగడివాడు, పేరు చెడగొట్టడానికే తిరుగుతున్నాడనుకుంది గోమతి.

"చెడ్డ ఫైలైతే పైన పసుపు పట్టీ వస్తుందంట కదా. మా పాప చెప్పింది."

"మోసపోయేది అక్కడే అమ్మా. దీనికి ఆ పట్టీ రాదు."

ఇంకేదో చెప్పబోయి, గుక్కెడు నీళ్ళు అడిగాడు. వీధి చివర కొళాయి ఉందని చెప్పి గోమతి తలుపు వేసేసింది.

కానీ లోపల దూరిన భయం ఊరుకోనివ్వలేదు. గ్యాసు కట్టేసి రెండుసార్లు తడిమి చూసే మనిషి ఆమె. వెళ్ళి కంప్యూటర్ ప్లగ్గు పీకేసింది.

దర్శిని కిందికొచ్చి చూసింది.

"ఉరిమితే టీవీ వైరు పీకుతావు, సరే. దీన్నెందుకు పీకినావు?"

గోమతి జరిగింది చెప్పింది.

"సెంటర్ నడిపే కామరాజ్ అన్నాచ్చి పంపిన ఫైలుకు కూడా భయమా నీకు?" దర్శిని నవ్వుతూ ప్లగ్గు అందుకుంది.

అంతలో ఫోను మోగింది. సేత్తూరు నుంచి క్లాస్‌మేట్ ముత్తుసెల్వి. ఏడుస్తోంది. అదే ఫైలు తెరిచిందట. పసుపు పట్టీ రాలేదు. రిపోర్టు, ఫోటోలు, ఏవీ ఇక తెరుచుకోవడం లేదు.

దర్శిని ప్లగ్గు కింద పెట్టేసింది.

రిపోర్టు దక్కింది. కొళాయి దగ్గరికి పంపిన మనిషి గుర్తొచ్చాడు గోమతికి. మరుక్షణం చెంబుతో నీళ్ళు తీసుకుని వీధిలోకి పరుగెత్తింది.

ఆ మనిషి ఎక్కిన తళవాయిపురం బస్సు అప్పటికే మలుపు తిరిగింది.

నిండు చెంబుతోనే తిరిగొచ్చేసరికి దర్శిని ఫోను కింద పెడుతోంది.

"ఎవరో దొంగలు సెంటర్ కంప్యూటర్లో దూరి, ఆ పేరుతో అందరికీ పంపినారంట. అక్కడి ఫైళ్ళు, మా ఫోన్ నంబర్లు అన్నీ పోయినాయంట. సెల్వితో ఆయన భార్యే చెప్పిందంట."

"ఎవరి భార్య?"

"నోటుబుక్కులో అడ్రసులు చూసుకుంటా పొద్దున్నించి ఇల్లిల్లూ తిరుగుతా ఉండేది, కామరాజ్ అన్నాచ్చే అమ్మా."