మొలసంచిలో సెగ

సునామీ నీళ్లు వచ్చిపోయిన ఇరవయ్యో ఏడు. ఎండా వానా దోబూచులాడే రోజులు. దీవిలోని బాంబూఫ్లాట్ పడవల జెట్టీ పక్కన వల బాగుచేస్తున్న కన్నారావు ఉన్నట్టుండి బనీను కిందికి చెయ్యి పోనిచ్చాడు. నడుముకి కట్టిన గుడ్డసంచిలోంచి ఫోన్ లాగి, పక్కనే వల పట్టుకున్న జోగులు ఒళ్లోకి విసిరాడు.

"పట్టి సూడు. కాల్తంది."

జోగులు దాన్ని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చాడు. "ఓలమ్మో! పెనం మీద అట్టులా ఉంది బావా. పేల్తాదేమో!"

"పేల్తాదా?"

"వీడియోలో సూసినాను. ముందు వేడెక్కుద్ది. తరవాత ఉబ్బుద్ది. ఆ తరవాత ఢామ్మంటాది. జేబులో పెట్టుకున్నోడికి జేబు పోద్ది. నువ్వు బొడ్డు మీద పెట్టుకున్నావు."

కన్నారావు నోరు పిడచకట్టుకుపోయింది. "ఆపేసి ఇంట్లో పారేద్దునా?"

"ఆపేస్తే నీ కొడుకు ఫోన్ ఎవడెత్తుతాడు?"

అదీ నిజమే. రాజ్‌కిరణ్ ఎక్కిన పడవ నిన్ననే తిరిగి రావాలి. రాలేదు. సముద్రం చూస్తే మాట వినేలా లేదు. వెళ్లేముందు వాడు ఒకటే చెప్పాడు. "సిగ్నల్ అందగానే చేస్తాను నాన్నా." వాడి ఫోన్ వాడు పట్టుకుపోయాక ఇంట్లో మిగిలింది ఈ ఒక్కటే.

పోనీ ఏ చూరులోనో పెట్టి కనిపెట్టుకుని ఉందామంటే మనసొప్పదు. ఆనాటి నీళ్లు ఇల్లు పట్టుకుపోయాయి, పెట్టె పట్టుకుపోయాయి. ఒంటికి కట్టుకున్నదే మిగిలింది. అప్పట్నుంచి విలువైనది ఏదైనా కన్నారావు మొలసంచిలోనే, చర్మానికి ఆనించి. ఆ నీళ్లు చూసినవాళ్లలో ఇలాంటివాళ్లు ఆ పేటలో ఇంకా ఉన్నారు.

వల అక్కడే వదిలేసి ఫోన్ల కొట్టుకి నడిచాడు. కొట్టు నడిపే అపర్ణ ఫోన్ అందుకుంటూ అతని వేళ్లు తగిలి ఉలిక్కిపడింది.

"అరే బాబాయ్, ఫోనేమో వేడి, నీ చేతులేమో ఐసు! ఇంత భయమా? డరో మత్."

కవరు ఊడదీసింది. వెనకాల నడుస్తున్న యాప్‌లన్నీ మూసేసింది. ఫోన్‌ని వెల్లకిలా బల్ల మీద పెట్టి అటూ ఇటూ ఊపి చూసింది. "బ్యాటరీ ఉబ్బలేదు. ఠీక్ హై." ఫ్యాను కింద పెట్టింది. కన్నారావు ఆ కొట్టులో కుండెడు నీళ్లు తాగేలోగా ఫోన్ చల్లారింది.

"ఎండలో పెట్టకు. ఛార్జింగ్‌లో ఉండగా మాట్లాడకు. వేడెక్కితే నీడన వదిలెయ్, అదే చల్లారుద్ది. ఐసులో మాత్రం పెట్టొద్దు బాబాయ్. లోపల చెమ్మ చేరితే చస్తుంది."

తలూపాడు. చినుకులు మొదలయ్యాయి. ఫోన్ తడవకుండా మళ్లీ మొలసంచిలో కట్టుకున్నాడు. ఇంటి గుమ్మం ఎక్కి తీసి చూస్తే మళ్లీ అదే సెగ.

"మాయదారి ముండ" అని గొణిగాడు.

సింహాచలమ్మ మొగుడి చేతిలోంచి లాక్కుని చేపల పెట్టె మూత తీసింది. "ఐసులో పెడితే చేపే చెడదు. ఇదెంత?"

కన్నారావు ఆమె మణికట్టు పట్టేసుకున్నాడు. "చస్తాదంట! బాబు ఫోన్ రావాల."

"ఇది పేలి నువ్వు చస్తే?"

కన్నారావు ఫోన్ లాక్కున్నాడు. ఫోన్ నడుముకి బిగించుకుని పెరట్లోకి పోయి, బోర్లించిన పడవ చాటున కూర్చున్నాడు. పేలితే తనొక్కడితోనే పోవాలి. అన్నం పట్టుకొస్తే ముట్టలేదు. పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి.

సింహాచలమ్మకి జాలీ కోపమూ కలిసే వచ్చాయి. "సునామీనాడు నన్ను భుజానేసుకుని కొండెక్కినోడివి. అరచెయ్యంత డబ్బాకి వణుకుతున్నావేటి మావా? జోగులు సూస్తే ఊరంతా దండోరా ఏస్తాడు."

"నీకేటి తెల్సు. బొడ్డుకాడ కుంపటి పెట్టినట్టుంది."

పొద్దు వాలుతుండగా కడుపు మీద ఏదో గుర్రుమని అదిరింది. "పేలిపోతంది! దూరంగా పోయే!" అని కేకేసి కన్నారావు వెల్లకిలా పడ్డాడు. సింహాచలమ్మ దూరంగా పోలేదు. మీదికి ఉరికి సంచి తాడు తెంపింది. ఫోన్ మోగుతోంది.

"అమ్మా, సిగ్నలొచ్చింది. ఇంజిను చెడితే దీవి చాటున లంగరేశాం. ఇప్పుడు బాగైంది. పొద్దున్నకి వచ్చేస్తాం. నాన్నేడీ?"

"మీ నాన్న ఇక్కడే ఉన్నాడు రా. నేల మీదున్నాడు." నవ్వబోయి ఏడ్చేసింది.

ఇక ఆ ఫోన్‌తో పని లేదు. కిటికీలో పెట్టేసింది. ఇంట్లోకి వచ్చి పడుకున్న కన్నారావు మాత్రం దాని వంకే చూస్తున్నాడు.

"సల్లారిందా?"

చెయ్యి ఆనించి చూసింది. "సల్లారింది."

దుప్పటి మెడదాకా లాక్కుని, "మళ్లీ సూడు."

"సముద్రంలో రాయిలా ఉంది. నీ ఒంటి మీంచి తీసిన కాడ్నుంచి ఒక్కసారైనా వేడెక్కలేదు. కొడుకొస్తన్నాడు, ఫోన్ సల్లబడింది. ఇంకా దేనికా భయం?"

కన్నారావు రెండో దుప్పటి అడిగాడు. ఆమె కప్పబోతూ ఆగి, మొగుడి నుదుటి మీద చెయ్యి వేసింది.

మర్నాడు పొద్దున్నే కన్నారావు ఆసుపత్రిలో మలేరియా పరీక్షకి వేలు చాపాడు.