పొట్ట కదిలే శవం

“నూతిలో వదిన” సినిమాలో దయ్యం చేతికి వాచీ ఉంటుంది. ఆ దయ్యాన్ని చూసి భయపడ్డవాడు ఇంతవరకూ లేడు. అయినా ప్రతి ఆదివారం మ్యాట్నీకి ఆ పాత హాలు కిటకిటలాడుతుంది.

నూతిలో పడ్డ వదిన దయ్యమై వచ్చి ఆడపడుచుల పని పట్టడమే కథ. నల్లబట్టలతో పడిన మనిషి తెల్లగౌనుతో ఎందుకు పైకొచ్చిందో దర్శకుడికే తెలియాలి. అస్థిపంజరం నడుస్తుంటే దాన్ని లాగే తీగలు కనిపిస్తాయి. మిట్టమధ్యాహ్నం ఎండలో ఉరుములు ఉరుముతాయి. ఒకచోట దయ్యం తుమ్ముతుంది. అది దర్శకుడు తుమ్మమన్న తుమ్ము కాదని దాని మొహమే చెబుతుంది.

అలాగని మంచి లేకపోలేదు. ఆ సినిమాలో ఎవరూ బద్ధకంగా నటించలేదు. ఆఖరికి తలుపు కూడా ప్రాణం పెట్టి కిర్రుమంటుంది. అందుకే జనం తిట్టుకుంటూనే వస్తారు.

తిట్టేవాళ్లలో పెద్ద నోరు దర్జీ పిన్నిగారిది. ఆవిడ ఇదివరకు ఎక్కడో ఉండేవారట. హాలుకి దగ్గరని కుట్టు కొట్టు ఈ వీధికి మార్చుకున్నారు. సినిమా పిచ్చంటే అదీ. మెడలో టేపు కూడా తియ్యకుండా వచ్చి మధ్య వరసలో కూర్చుంటారు. దయ్యం గౌనుకి అంచు మడిచి కుట్టలేదని ఆవిడ చెప్పాకే అందరికీ తెలిసింది. ఒకప్పుడు ఆ దయ్యం వేషం వేసింది ఆవిడేనని హాల్లో ఓ పుకారుంది. అడిగితే, తనే అయ్యుంటే ముందు ఆ అంచు కుట్టుకుని గానీ నూతిలోంచి బయటికొచ్చేదాన్ని కాదని నవ్వేస్తారు.

ఆవిడ విశ్వరూపం చూడాలంటే మాత్రం శవం వచ్చేదాకా ఆగాలి. దయ్యాన్ని చూసి కథానాయిక తండ్రి గుండె ఆగి చచ్చిపోతాడు. మెడదాకా దుప్పటి కప్పి పడుకోబెడతారు. కూతురు మీదపడి ఏడుస్తుంటే దుప్పటి కింద పొట్ట నిక్షేపంలా పైకీ కిందకీ ఆడుతూ ఉంటుంది. ఆ రోజు తండ్రి వేషగాడు రాకపోతే, మొహం వేరైనా సరేనని లైట్లు మోసే మనిషిని పడుకోబెట్టారని, అతనికింకా ఆయాసం తీరలేదని హాలు యజమాని చెబుతుంటాడు.

“పొద్దున పెట్టిన టిఫిను అరగలేదు పాపం,” అంటారు పిన్నిగారు, హాలంతా వినబడేలా. ప్రతివారం అదే మాట. ప్రతివారం హాలు గొల్లుమంటుంది.

ఇంతలో చిక్కొచ్చిపడింది. రీళ్లు గీతలు పడి, అతుకుల బొంతలై, ఇక ఎక్కువ రోజులు ఆడేలా లేవు. యజమాని కొత్త కాపీ చేయించడానికి ఒక ఎడిటర్ని పెట్టాడు. అది వచ్చాక పాతది మళ్లీ తెరకెక్కదు. ఎడిటర్ పనిమంతుడు, దానికి తోడు కాస్త చాదస్తం. పనిలో పనిగా తప్పులన్నీ తుడిచేస్తానన్నాడు.

ఆ ఆదివారం ఆట అయ్యాక జనం అతన్ని గుమ్మం దగ్గరే పట్టుకున్నారు. తీగలు తీసేస్తే అస్థిపంజరం మొహం ఎవడు చూస్తాడని ఒకరు. వాచీ తీసేస్తే దయ్యానికి టైమెలా తెలుస్తుందని ఇంకొకరు. అతను ఒక్కొక్కటే వదులుకుంటూ వచ్చాడు. వాచీ ఉంటుంది, తీగలుంటాయి, తుమ్మూ ఉంటుంది. శవం దగ్గర మాత్రం భీష్మించుకున్నాడు.

అతని మాటలోనూ న్యాయం ఉంది. సినిమా మొత్తానికి నిజంగా ఏడిపించగల నటి ఆ కూతురు వేషం వేసిన అమ్మాయే. శవం పుణ్యమా అని ఆ ఏడుపుని ఇంతవరకూ ఒక్కరూ సరిగా చూడలేదు. ఇప్పటికైనా ఆ పిల్లకి దక్కాల్సింది దక్కనివ్వమన్నాడు. జనం మెత్తబడ్డారు. యజమాని తలూపాడు.

“శవం జోలికి వెళ్లకు నాయనా,” అన్నారు పిన్నిగారు.

అందరూ ఆవిడ వైపు తిరిగారు. ఇన్నాళ్లూ ఆ శవాన్ని ఏకిపారేసింది ఆవిడే మరి. తిట్టడానికేమీ మిగలదని బెంగ కాబోలని ఎవరో అంటే అంతా నవ్వారు. ఆవిడ నవ్వలేదు. కావాలంటే దయ్యాన్ని తీసెయ్యమన్నారు, శవాన్ని మాత్రం ముట్టుకోవద్దన్నారు.

ఎడిటర్‌కి ముచ్చటేసింది. కళ్లతో చూస్తే ఆవిడే ఒప్పుకుంటారని మర్నాడు తన గదికి రమ్మన్నాడు.

గదిలో రెండు తెరలు, ఒక బల్ల, చల్లారిపోయిన టీ. పిన్నిగారు కుర్చీ అంచున కూర్చున్నారు. అతను ముందు పాతది వేశాడు. పొట్ట లేచింది, దిగింది. ఆవిడ టిఫిను మాట ఎత్తలేదు.

తర్వాత కొత్తది వేశాడు. అమ్మాయి ఏడుస్తోంది. జుట్టు కదులుతోంది, భుజాలు అదురుతున్నాయి. దుప్పటి మాత్రం రాయిలా ఉంది. చూసేవాళ్లకి నిజంగానే ఏడుపొచ్చేలా ఉంది.

“చూశారా పిన్నిగారూ, ఇప్పుడు నిజంగా చచ్చిపోయాడు,” అన్నాడతను సంబరంగా.

ఆవిడ టేపు కొసని వేలికి చుట్టుకుంటూ తెర వంకే చూశారు. బాగుందన్నారు. ఆ పిల్ల అంత బాగా ఏడ్చిందని తనకీ ఇప్పుడే తెలిసిందన్నారు. తర్వాత పాతది మళ్లీ వెయ్యమన్నారు. వేశాడు. ఇంకోసారి అన్నారు. అదీ వేసి, ఇంత అధ్వాన్నపు శవం మీద అంత మమకారమేమిటని అడిగాడతను.

“ఆ పొద్దున టిఫిను పెట్టి పంపింది నేనే నాయనా, మా ఆయన ఊపిరి పీలుస్తూ కనబడేది నాకిక అక్కడొక్కచోటే.”